స్టేట్ రిఫండ్ మీద ఫెడరల్ పన్ను: జవాబు నిరుటి రిటర్న్‌లో ఉంది

జనవరి నెలాఖరుకల్లా అమెరికాలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ల ఇళ్లకు వచ్చే కాగితాల్లో 1099-జి అనే ఫారం ఒకటి ఉంటుంది. 'నిరుడు మీకు ఇంత పన్ను వెనక్కి ఇచ్చాం' అని రాష్ట్ర రెవెన్యూ శాఖ పంపే చీటీ అది. దాని కాపీ ఐఆర్‌ఎస్‌కి, అంటే కేంద్ర పన్నుల శాఖకి కూడా వెళుతుంది. గాభరా మొదలయ్యేది అక్కడే. మనం ఎక్కువగా కట్టిన డబ్బు మనకే తిరిగొస్తే అది ఆదాయం ఎలా అవుతుంది? ఆదాయం కానప్పుడు ఐఆర్‌ఎస్‌కి చెప్పడం దేనికి? స్నేహితులను అడిగితే ఒకరు 'నాకు పన్ను పడలేదు' అంటారు, ఇంకొకరు 'నేను కట్టాను' అంటారు. చిత్రమేమిటంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

2018 నుంచి ఏడేళ్లపాటు ఎక్కువమంది ఈ ప్రశ్నను పట్టించుకోకపోయినా నష్టం లేకపోయింది. 2025 జులైలో వచ్చిన పన్నుల చట్టంతో ఆ రోజులు పోయాయి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో సొంత ఇల్లున్న మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి కుటుంబాలకు ఇది మళ్లీ డబ్బుతో ముడిపడిన ప్రశ్న అయింది. ఆ కుటుంబాల్లో తెలుగువాళ్లూ తక్కువేమీ కాదు. డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఉన్నవాళ్లకు మాత్రం ఈ బాధ లేదు. టెక్సస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కాబట్టి రిఫండూ ఉండదు.

ముందు సూత్రం సంగతి చూద్దాం. ఫెడరల్ పన్ను లెక్కవేసేటప్పుడు ఆదాయం నుంచి కొంత మినహాయించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఏ ఖర్చూ చూపించకుండా ప్రభుత్వం నిర్ణయించిన మొత్తాన్ని తీసేసుకోవడం. ఇది స్టాండర్డ్ డిడక్షన్. రెండోది, ఇంటి రుణం మీద వడ్డీ, విరాళాలు, రాష్ట్రానికి కట్టిన ఆదాయపు పన్ను, ఆస్తిపన్ను వంటివి ఒక్కొక్కటిగా చూపించి తీసేసుకోవడం. దీన్ని ఐటమైజ్ చేయడం అంటారు. మొదటి దారిలో వెళ్లినవారికి రాష్ట్రానికి కట్టిన పన్ను వల్ల ఫెడరల్ లెక్కలో ఒక్క డాలరు కూడా కలిసిరాలేదు. కాబట్టి ఆ పన్నులో కొంత తిరిగొచ్చినా అది ఆదాయం కాదు. రెండో దారిలో వెళ్లినవారు 'రాష్ట్రానికి 8,000 డాలర్లు కట్టాను, ఆ మేరకు నా ఆదాయం తగ్గించండి' అని చెప్పి లాభం పొందారు. తీరా రాష్ట్రం అందులో 1,000 వెనక్కి ఇస్తే అసలు కట్టింది 7,000 మాత్రమే. అదనంగా పొందిన ఆ వెయ్యి మినహాయింపును మరుసటి ఏడాది ఆదాయంగా చూపించి సరిచేయాలి. అమెరికా పన్ను చట్టంలో 111వ సెక్షన్ చెప్పేది ఇదే. 'పన్ను ప్రయోజన సూత్రం' అని దీనికి పేరు.

ఇది మనకు కొత్తదేమీ కాదు. వ్యాపార ఖర్చుగా చూపించి మినహాయింపు పొందిన సొమ్ము తరవాత తిరిగొస్తే దాన్ని ఆదాయంగా చూపాలని మన 1961 ఆదాయపు పన్ను చట్టంలో 41(1) సెక్షన్ పెట్టారు. తర్కం ఒకటే. మన దేశంలో జీతగాడికి ఐటీ రిఫండ్ వస్తే అసలు మీద పన్ను ఉండదు, దానితో కలిపి ఇచ్చే వడ్డీ మీద మాత్రం ఉంటుంది. అమెరికాలోనూ అంతే. రాష్ట్రం రిఫండ్ ఆలస్యంగా ఇచ్చి వడ్డీ కలిపితే ఆ వడ్డీ ఎప్పుడూ ఆదాయమే, నిరుడు ఏ దారిలో వెళ్లారన్న దానితో సంబంధం లేదు. ఇది చాలామంది మరిచిపోయే ముక్క. ఇక ఫెడరల్ ప్రభుత్వమే ఇచ్చే రిఫండ్ మీద ఫెడరల్ పన్ను ఎవరికీ పడదు. ఆ పన్నును ఫెడరల్ రిటర్న్‌లో ఎవరూ ఖర్చుగా చూపించుకోలేరు కదా.

అంటే రిఫండ్ వచ్చిన ఏడాదితో పనిలేదు. పన్ను కట్టిన ఏడాది రిటర్న్‌లో ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. ఈ ఒక్క సంగతి పట్టుకోలేకే చాలామంది బోల్తా పడుతున్నారు.

పదివేల గీత

2017 దాకా భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 12,700 డాలర్లు. సొంత ఇల్లున్న వాళ్ల వడ్డీ, పన్నులు కలిపితే తేలిగ్గా అది దాటేది. రిటర్న్ వేసేవారిలో సుమారు 30 శాతం మంది ఐటమైజ్ చేసేవారు. వాళ్లకు స్టేట్ రిఫండ్ వస్తే దాన్ని ఆదాయంలో రాయడం ఏటా జరిగే తంతు. ట్రంప్ తొలి పాలనలో వచ్చిన చట్టం దీన్ని తలకిందులు చేసింది. 2018 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు రెట్టింపై 24,000 అయింది. రాష్ట్ర, స్థానిక పన్నులన్నీ కలిపి ఎంత కట్టినా చూపించుకోగలిగేది 10,000 డాలర్లే అని గీత గీశారు. ఐటమైజ్ చేసేవారు పది శాతానికి పడిపోయారు. స్టేట్ రిఫండ్ ప్రశ్న చాలా ఇళ్లలో దానంతటదే మాయమైంది.

గీత దగ్గర ఉన్నవాళ్లకు మాత్రం లెక్క కొంచెం ముదిరింది. 2019 మార్చిలో ఐఆర్‌ఎస్ ఒక రూలింగ్ ఇచ్చి నాలుగు ఉదాహరణలతో వివరించింది. అందులో ఒకటి చూస్తే చాలు. ఒకరు 2018లో ఆస్తిపన్ను 5,000, రాష్ట్ర ఆదాయపు పన్ను 6,000 కట్టారు. మొత్తం 11,000. గీత వల్ల 10,000 మాత్రమే చూపించుకున్నారు. మరుసటి ఏడాది రాష్ట్రం 1,500 వెనక్కి ఇచ్చింది. మొదటే సరిగ్గా కట్టి ఉంటే మొత్తం 9,500 అయ్యేది. చూపించుకున్నది 10,000. తేడా 500. కాబట్టి 1,500 రిఫండ్‌లో 500 మాత్రమే ఆదాయం. మిగతా వెయ్యి వల్ల ఆయనకు మొదట్లోనే లాభం కలగలేదు కనుక దాని మీద పన్ను లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో నిరుటి రిటర్న్ దిగుమతి చేసుకోకుండా 1099-జి అంకె ఒక్కటే ఎక్కిస్తే ఈ వెయ్యికి కూడా పన్ను కట్టేసే ప్రమాదం ఉంది. ఆ ఫారంలో ఉండేది మొత్తం రిఫండ్. అందులో ఆదాయం ఎంతో రాష్ట్రానికి తెలియదు, చెప్పదు కూడా.

ఇప్పుడు 2025కి వద్దాం. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల నుంచి గెలిచిన రిపబ్లికన్ సభ్యులు పట్టుబట్టడంతో, జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం ఆ పదివేల గీతను 40,000కు జరిపింది. 2026కు అది 40,400. ఏటా ఒక శాతం చొప్పున 2029 దాకా పెరిగి, 2030లో మళ్లీ 10,000కు దిగుతుంది. ఆదాయం 5 లక్షల డాలర్లు దాటినవారికి ఈ వెసులుబాటు క్రమంగా తగ్గుతూ చివరికి పాత పదివేల దగ్గరే ఆగుతుంది.

దీని ప్రభావం అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఒక జంట ఉందనుకుందాం. ఆస్తిపన్ను 14,000, జీతాల నుంచి కోసిన రాష్ట్ర పన్ను 12,000, ఇంటి రుణం వడ్డీ 15,000. 2024లో పన్నులు 26,000 కట్టినా పది వేలే చెల్లుతుంది. వడ్డీ కలిపితే 25,000. ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 29,200 కనుక దాన్నే తీసుకుంటారు. 2025లో వచ్చిన స్టేట్ రిఫండ్ మీద పైసా పన్ను లేదు. 2025 రిటర్న్‌లో అవే అంకెలతో 26,000 మొత్తం చెల్లుతుంది. వడ్డీతో కలిపి 41,000. స్టాండర్డ్ 31,500. ఐటమైజ్ చేస్తే 9,500 ఎక్కువ మినహాయింపు దొరుకుతుంది. 24 శాతం శ్లాబులో ఉంటే 2,280 డాలర్లు మిగులు. తరవాత 2026లో రాష్ట్రం 1,500 రిఫండ్ ఇస్తే అది మొత్తం ఆదాయమే. 2027 వసంతంలో వేసే రిటర్న్‌లో దాని మీద 360 డాలర్లు కట్టాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ 360 కొత్తగా వేసిన పన్ను కాదు. ముందు ఏడాది మిగిలిన 2,280లో అసలు మిగలకూడని భాగం. 'ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటున్నారు' అని విసుక్కోవడంలో అర్థం లేదు. కానీ ఏడేళ్లుగా స్టేట్ రిఫండ్‌ను లెక్కలోకే తీసుకోని అలవాటు ఒక్కసారిగా పోదు. కొత్త గీత కింద 2025కు ఐటమైజ్ చేసినవారికి 2027 జనవరిలో వచ్చే 1099-జి అంత తేలిగ్గా పక్కన పడేయదగ్గ కాగితం కాదు. రిఫండ్ చేతికి తీసుకోకుండా వచ్చే ఏడాది పన్నుకు జమ చేయమన్నా అది వచ్చినట్టే లెక్క.

చిన్న ఊరట ఒకటుంది. ఐటమైజ్ చేసేవారు రాష్ట్ర ఆదాయపు పన్నుకు బదులు అమ్మకపు పన్ను చూపించుకోవచ్చు. అమ్మకపు పన్ను చూపించినవారికి ఆదాయపు పన్ను రిఫండ్ ఆదాయం కాదు. ఆదాయపు పన్ను చూపించినవారికి కూడా, అమ్మకపు పన్ను చూపించి ఉంటే ఎంత చెల్లేదో దానికంటే ఎక్కువగా పొందిన మేరకే రిఫండ్ మీద పన్ను పడుతుంది. కారు కొన్న ఏడాది ఈ తేడా పనికొస్తుంది.

కొత్తగా వచ్చినవారి చిక్కు

ఇళ్లున్నవారి సంగతి అలా ఉంటే, నిన్నగాక మొన్న దిగినవారి సంగతి ఇంకో రకం. నా దృష్టిలో అసలు అన్యాయంగా తగిలేది వీళ్లకే. ఎందుకంటే ఇక్కడ ఎంచుకునే వీలే లేదు.

పన్ను చట్టం కంట నాన్ రెసిడెంట్ అయిన విదేశీయుడికి స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. హైదరాబాద్ నుంచి హెచ్-1బి మీద అక్టోబరు 1న మొదటిసారి వచ్చిన ఇంజినీరు ఆ ఏడాది అమెరికాలో ఉండేది 92 రోజులు. 183 రోజుల పరీక్షకు అది చాలదు కనుక మామూలుగా 1040-ఎన్‌ఆర్ ఫారం వేస్తాడు. అద్దె ఇంట్లో ఉంటాడు, రుణం వడ్డీ లేదు, విరాళాలు లేవు. మినహాయించుకోవడానికి మిగిలేది జీతంలోంచి కోసిన రాష్ట్ర పన్ను ఒక్కటే. అది 2,400 డాలర్లు అనుకుందాం. మూడు నెలలే పనిచేశాడు కాబట్టి రాష్ట్రం మరుసటి ఏడాది 900 వెనక్కి ఇస్తుంది. ఇతనికి పోల్చి చూసుకోవడానికి స్టాండర్డ్ డిడక్షన్ లేదు, సున్నా. కాబట్టి ఆ 900 మొత్తం ఆదాయమే.

రెండో ఏడాది అతను రెసిడెంట్ అవుతాడు. అందరిలాగే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటాడు. 'స్టాండర్డ్ తీసుకుంటే స్టేట్ రిఫండ్ మీద పన్ను లేదు' అని ఆఫీసులో తోటివారు చెప్పిన మాట విని 900 వదిలేస్తాడు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, ఏడాది తప్పు. చూడాల్సింది మొదటి ఏడాది రిటర్న్. 1099-జి కాపీ చేతిలో ఉన్న ఐఆర్‌ఎస్ కంప్యూటర్ తేడా పట్టుకుంటే సీపీ 2000 అనే నోటీసు వస్తుంది. కట్టాల్సిన పన్ను వందో రెండొందలో ఉంటుంది. నోటీసు చూసి, వీసా కాగితాలకు దీనివల్ల ఏమవుతుందోనని పడే ఆదుర్దా దానికి మించి ఉంటుంది.

ఏడాది మధ్యలో నాన్ రెసిడెంట్ నుంచి రెసిడెంట్‌గా మారి 'డ్యూయల్ స్టేటస్' రిటర్న్ వేసేవారికీ స్టాండర్డ్ డిడక్షన్ లేదు. పెళ్లయినవారు అర్హతలు కుదిరితే ఏడాది మొత్తానికీ రెసిడెంట్లుగా ఉమ్మడి రిటర్న్ ఎంచుకోవచ్చు, అప్పుడు స్టాండర్డ్ దొరుకుతుంది. ఒంటరిగా వచ్చిన కుర్రాడికి ఆ దారి కూడా లేదు.

భారత విద్యార్థుల స్థితి మాత్రం వేరు. 1989లో కుదిరిన భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21వ అధికరణం ప్రకారం, ఎఫ్-1 మీద ఉన్న మన విద్యార్థులు నాన్ రెసిడెంట్లయినా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. చాలా దేశాల విద్యార్థులకు లేని వెసులుబాటు ఇది. దాన్ని వాడుకున్న విద్యార్థికి క్యాంపస్ ఉద్యోగం మీదో ఓపీటీ జీతం మీదో వచ్చిన స్టేట్ రిఫండ్ ఆదాయం కాదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇద్దరు తెలుగు కుర్రాళ్లు, ఒకరు ఎఫ్-1, ఒకరు కొత్త హెచ్-1బి, ఒకే మొత్తం రిఫండ్ అందుకుని వేర్వేరు జవాబులు చెబితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రిఫండా, బహుమతా?

ఇంతవరకూ రిఫండ్ అంటే రిఫండే అనుకుని మాట్లాడాం. 2022లో రాష్ట్రాలు ఆ మాటకే చిక్కు తెచ్చాయి. కోవిడ్ తరవాత ఖజానాలు నిండి, ధరలు మండుతున్న రోజులు. ఎన్నికల ఏడాది కూడా. కాలిఫోర్నియా 'మిడిల్ క్లాస్ టాక్స్ రిఫండ్' పేరుతో 200 నుంచి 1,050 డాలర్ల దాకా పంచింది, చాలామందికి డెబిట్ కార్డుల రూపంలో. పేరులో రిఫండ్ ఉంది కానీ ఎవరు ఎంత పన్ను ఎక్కువ కట్టారన్న లెక్కతో దానికి సంబంధం లేదు. మసాచుసెట్స్‌లో అలా కాదు. వసూళ్లు పరిమితి దాటితే మిగులును వెనక్కి ఇవ్వాలని 1986లో ఓటర్లు ఆమోదించిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం 2021కి కట్టిన పన్నులో సుమారు 14 శాతాన్ని తిరిగిచ్చారు.

వీటిపై ఫెడరల్ పన్ను ఉందా అన్నది ఐఆర్‌ఎస్ ముందుగా తేల్చలేదు. 2023 ఫిబ్రవరి 3న, రిటర్న్‌లు వేసే సీజన్ నడుస్తుండగా, 'స్పష్టత వచ్చేదాకా ఆగండి' అంది. వారం తిరిగాక 10వ తేదీన 21 రాష్ట్రాల జాబితా ఇచ్చింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ సహా చాలా రాష్ట్రాల చెల్లింపులను ప్రజా సంక్షేమం, విపత్తు సాయం కింద చూసి, వాటిని రిటర్న్‌లో చూపకపోయినా అభ్యంతరం పెట్టబోమంది. జార్జియా, మసాచుసెట్స్, సౌత్ కరొలైనా, వర్జీనియా చెల్లింపులను మాత్రం నిజమైన రిఫండ్లుగా చూసి పాత సూత్రమే వర్తిస్తుందని చెప్పింది.

గడువు దగ్గరపడుతున్నప్పుడు కోట్లాది మందిని ఇబ్బంది పెట్టకూడదన్న ఆలోచన సరే. కానీ తర్కం నిలబడుతుందా? కాలిఫోర్నియాలో ఏడాదికి 5 లక్షల డాలర్ల ఆదాయం ఉన్న జంటకూ ఆ చెక్కు వెళ్లింది. దాన్ని సంక్షేమ సాయం అనడానికి కోవిడ్ అత్యవసర పరిస్థితి తప్ప వేరే ఆధారం కనిపించదు. ఆ అత్యవసర పరిస్థితి 2023 మేలో ముగిసింది. అదే ఏడాది చివర్లో అరిజోనా పిల్లలున్న కుటుంబాలకు డబ్బు పంచింది. 17 ఏళ్లలోపు పిల్లలకు తలా 250 డాలర్లు, ఆపై వయసున్న ఆధారితులకు 100, గరిష్ఠంగా ముగ్గురికి. ఈసారి ఐఆర్‌ఎస్ ఒప్పుకోలేదు. ఇది ఆదాయమే, పన్ను కట్టాలంది. కాలిఫోర్నియా సంపన్నుడికి లేని పన్ను తమ పిల్లల తల్లిదండ్రులకు ఎందుకంటూ అరిజోనా అటార్నీ జనరల్ క్రిస్ మేయ్స్ 2024 ఫిబ్రవరిలో ఐఆర్‌ఎస్ మీద దావా వేశారు.

చట్టం అక్షరం చూస్తే ఐఆర్‌ఎస్ వాదనలో పస ఉంది. కట్టిన పన్నును బట్టి కాకుండా పిల్లల సంఖ్యను బట్టి ఇచ్చిన డబ్బును రిఫండ్ అనడం కష్టం. అవసరాన్ని చూసి ఇవ్వలేదు కాబట్టి సంక్షేమం అనడమూ కష్టమే. అయితే అదే కొలబద్దను ఏడాది ముందు కాలిఫోర్నియాకు వాడలేదన్న ఫిర్యాదులోనూ న్యాయం ఉంది. సంక్షేమ సాయానికి పన్ను లేదన్న ఈ వెసులుబాటును కాంగ్రెస్ చట్టంలో రాయలేదు. ఐఆర్‌ఎస్ తన రూలింగ్‌ల ద్వారా దశాబ్దాలుగా పెంచుకుంటూ వచ్చినది. అందుకే ఒక రాష్ట్రం ఇచ్చిన డబ్బు ఏ గాటన పడుతుందో పన్ను కట్టేవాడికి ముందే తెలిసే వీలు లేకుండా పోయింది. రాష్ట్రాల వైపు నుంచి చూస్తే నేర్చుకోవాల్సింది ఒకటే ఉంది. మసాచుసెట్స్‌లా కట్టిన పన్నుకు నిష్పత్తిగా ఇస్తే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవారికి పన్ను బాధ ఉండదు. అరిజోనాలా తలసరిగా ఇస్తే ఇచ్చిన దాంట్లో కొంత వాషింగ్టన్‌కు పోతుంది. మొదటి పద్ధతిలో ఎక్కువ సంపాదించినవారికే ఎక్కువ దక్కుతుందన్నది వేరే గొడవ.

ఇక ఇప్పటికే ఎక్కువ కట్టేసినవారి మాట. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకున్న ఏడాదికి సంబంధించిన స్టేట్ రిఫండ్‌ను పొరపాటున ఆదాయంలో చూపించి ఉంటే 1040-ఎక్స్ ఫారంతో సవరించుకుని ఆ పన్ను తిరిగి తెచ్చుకోవచ్చు. మామూలుగా రిటర్న్ వేసిన నాటి నుంచి మూడేళ్లు గడువు. 2024 ఏప్రిల్ 15కల్లా వేసిన 2023 రిటర్న్‌కు అది 2027 ఏప్రిల్ 15తో ముగుస్తుంది. పాత రిటర్న్ తీసి చూడాల్సింది రెండే చోట్ల. షెడ్యూల్ 1లో మొదటి వరుసలో స్టేట్ రిఫండ్ అంకె ఉందా, అంతకు ముందరి ఏడాది రిటర్న్‌కు షెడ్యూల్ ఎ జతచేశారా అని. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఆ డబ్బు మీకు రావాల్సిందే.